‘తెలియదు’ అనకండి... నలుగురూ కలిసి తేల్చండి!

‘డబ్బు లెక్కలు నాకేం తెలుస్తాయండీ, అన్నీ మా వారే చూసుకుంటారు.’ ఈ మాట మనలో ఎంతమంది అనరు? పాలవాడి లెక్క, పనిమనిషి నాగాలు, పిల్లల ఫీజులు, పెళ్లిళ్ల చదివింపులు, చీటీ వాయిదాలు... ఇవన్నీ కాగితం అక్కర్లేకుండా చెప్పగల ఇల్లాలు కూడా బ్యాంకు, బీమా, పెట్టుబడి అనే మాటలు వినగానే ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ఫోనులో ఏదైనా బహుమతి క్విజ్ కనిపించి, అందులో డబ్బుకు సంబంధించిన ప్రశ్నలే ఉన్నాయంటే ఇక చెప్పనే అక్కర్లేదు. ‘ఇది మన వల్ల అయ్యే పని కాదులే’ అని పక్కన పెట్టేస్తాం.

నిజంగానే మన వల్ల కాదా? ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. పెన్నూ కాగితం తెచ్చుకోండి. ఎవరినీ అడక్కుండా మీకు తోచిన జవాబు రాయండి.

ఒకటి: బ్యాంకులో 100 రూపాయలు వేశారు. ఏడాదికి 2 శాతం వడ్డీ. అయిదేళ్లు ముట్టుకోలేదు. చివరికి మీ ఖాతాలో ఉండేది 102 రూపాయల కంటే ఎక్కువా, సరిగ్గా 102 రూపాయలా, తక్కువా?

రెండు: మీ డబ్బు మీద ఏడాదికి 1 శాతం వడ్డీ వస్తోంది. బజారులో ధరలు ఏడాదికి 2 శాతం పెరుగుతున్నాయి. ఏడాది తర్వాత ఆ డబ్బుతో ఇప్పటికంటే ఎక్కువ సరుకులు వస్తాయా, అంతే వస్తాయా, తక్కువ వస్తాయా?

మూడు: ఎన్నో కంపెనీల వాటాలు కలిపి కొనే మ్యూచువల్ ఫండ్ కంటే, ఒకే ఒక్క కంపెనీ వాటాలు కొనడం సాధారణంగా భద్రం. ఔనా, కాదా?

ఇక జవాబులు. మొదటిదానికి ‘ఎక్కువ’. మొదటి ఏడాదికే 102 అవుతుంది కదా, అయిదేళ్లకు చక్రవడ్డీతో 110 రూపాయలు దాటుతుంది. రెండోదానికి ‘తక్కువ’. కందిపప్పు కొనే ప్రతి గృహిణికీ ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. మూడోదానికి ‘కాదు’. ఉన్న పొలమంతా ఒకే పంట వేసిన రైతుకి, ఆ పంటకు పురుగు పడితే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా?

మూడింట్లో ఎన్ని వచ్చాయి? వచ్చినవాటి కంటే, ఎన్నిచోట్ల ‘తెలియదు’ అని వదిలేద్దామనిపించిందో అది గుర్తుపెట్టుకోండి. అసలు సంగతంతా అక్కడే ఉంది.

‘తెలియదు’ అనే గడి తీసేస్తే...

ఈ మూడు ప్రశ్నలూ అన్నామరియా లుసార్డి, ఒలీవియా మిచెల్ అనే ఇద్దరు మహిళా ఆర్థికవేత్తలు తయారుచేసినవి. 2004లో అమెరికాలో మొదటిసారి అడిగారు. తర్వాత ఎన్నో దేశాల్లో ఇవే ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. దాదాపు అన్నిచోట్లా మగవాళ్ల కంటే ఆడవాళ్లకు తక్కువ మార్కులే వచ్చాయి. ఆడవాళ్లలో ‘తెలియదు’ అని రాసినవాళ్లూ ఎక్కువే.

మరి నిజంగా తెలియకే అలా రాశారా? నెదర్లాండ్స్ దేశంలో ఈ సంగతి తేల్చాలని ఒక ఉపాయం చేశారు. మొదటిసారి ప్రశ్నల కింద ‘తెలియదు’ అనే జవాబు కూడా ఉంచారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ అదే మనుషులకు అవే ప్రశ్నలు ఇచ్చి, ఈసారి ‘తెలియదు’ అన్నది తీసేశారు. ఏదో ఒక జవాబు ఎంచుకోక తప్పదన్నమాట. ఏమైందో తెలుసా? అంతకుముందు ‘తెలియదు’ అన్న ఆడవాళ్లలో చాలామంది సరైన జవాబే ఎంచుకున్నారు! లుసార్డి కూడా పాలుపంచుకున్న ఈ పరిశోధన వివరాలు 2021లో వెలువడ్డాయి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య కనిపించిన తేడాలో సుమారు మూడో వంతుకు కారణం తెలియకపోవడం కాదు, ధైర్యం చాలకపోవడమేనని వాళ్లు లెక్క తేల్చారు.

మిగతా రెండు వంతులూ మాత్రం నేర్చుకుంటే గానీ తీరని కొరతే. అది ఒప్పుకోవాలి. కానీ ధైర్యం చాలకపోయినా, విషయం తెలియకపోయినా రెండింటికీ పనికొచ్చే మందు ఒకటుంది. నలుగురం కలిసి కూర్చోవడం!

పాఠం కలిసి చదివిన ఊళ్లు

ఇది మనకేం కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్లు సారాను తరిమికొట్టిన సంగతి గుర్తుందిగా. ఆ కదలిక వెనక రాత్రిబడుల్లో నలుగురూ కలిసి చదువుకున్న పాఠాలున్నాయి. తాగుబోతు భర్తతో బాధపడే ఇల్లాలి కథ పాఠంగా వస్తే, ‘ఇది మన కథే కదమ్మా’ అని ఒకరు అనడం, పక్కామె అందుకోవడం, అలా మాట కలిసింది. ఆ తర్వాత అదే జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ పేరుతో రోజుకో రూపాయి దాచుకునే సంఘాలు లేచాయి. ఒక్కొక్కరూ విడిగా ఉంటే ‘మాకేం తెలుసు’ అనేవాళ్లే, పదిమందీ చేరేసరికి లెక్కల పుస్తకం నడిపారు. బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని మాట్లాడారు.

ఇవాళ మన చేతిలో ఫోనుంది. అక్క గుంటూరులో, చెల్లెలు హైదరాబాదులో, వదిన అమెరికాలో ఉన్నా ఒకే ప్రశ్న ముందు కూర్చోవచ్చు. పండగ వంటలకీ, చీరల ఫొటోలకీ వాడుతున్న గ్రూపునే వారానికి ఒక్కపూట దీనికి వాడితే చాలు.

ఎలా మొదలుపెట్టాలి?

నలుగురైదుగురు చాలు. మరీ ఎక్కువమందైతే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు చూస్తూ ఉండిపోతారు. ఒక ప్రశ్న తీసుకోండి. ముందుగా ప్రతి ఒక్కరూ తమకు తోచిన జవాబూ, ఎందుకలా అనుకుంటున్నారో ఒక్క ముక్కా చెప్పాలి. ‘తెలియదు’ అనే మాట చెల్లదని ముందే షరతు. అందరూ చెప్పాకే వెతుకులాట మొదలు. ఎవరు చెప్పింది నిజమో రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైటులోనో, మీ బ్యాంకు పాస్‌పుస్తకం వెనక ఉన్న నిబంధనల్లోనో, పోస్టాఫీసు కౌంటరు దగ్గరో చూసి తేల్చుకోవాలి. ‘ఎవరో ఫార్వర్డ్ చేశారు’ అన్నది రుజువు కింద పనికిరాదు సుమా!

ఇలా కూర్చున్నప్పుడు ఒక తమాషా బయటపడుతుంది. ఏమీ తెలియదనుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా ఒక్కో ముక్క ఉంటుంది. నగలు తాకట్టు పెట్టి విడిపించినామెకు వడ్డీ సంగతి తెలుసు. చీటీ పాడినామెకు ఎంత తగ్గించి పాడితే ఎంత చేతికొస్తుందో తెలుసు. భర్త పోయాక బ్యాంకు చుట్టూ తిరిగినామెకు ఏ కాగితం లేకపోతే పని ఆగుతుందో అందరికంటే బాగా తెలుసు. ఉద్యోగం చేసే అమ్మాయికి పన్ను సంగతులు తెలుసు. ఈ ముక్కలన్నీ ఒకచోట చేరాలంతే.

ఉదాహరణకు అప్పు మీద ప్రశ్న వచ్చిందనుకోండి. ‘నూటికి రెండు రూపాయల వడ్డీ ఎక్కువా, బ్యాంకు వాళ్ల 14 శాతం ఎక్కువా?’ రెండు చిన్నది, పద్నాలుగు పెద్దది అని కంటికి కనిపిస్తుంది. కానీ మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి. అంటే ఏడాదికి 24 శాతం! బ్యాంకు చెప్పే 14 ఏడాదికి. ఊళ్లో అప్పు తెచ్చిన అనుభవం ఉన్నామె ఈ మాట టక్కున చెబుతుంది.

ఇంకొంచెం లోతుకి వెళదాం. లక్ష రూపాయల అప్పు, 12 శాతం వడ్డీ, ఏడాదిలో పన్నెండు వాయిదాలు. ఒకచోట మొదటి అసలు మీదే ఏడాదంతా వడ్డీ వేస్తారు. అప్పుడు వడ్డీ 12,000. ఇంకోచోట మీరు తీర్చేకొద్దీ మిగిలిన అసలు మీదే వడ్డీ వేస్తారు. అప్పుడు వడ్డీ సుమారు 6,600 మాత్రమే. రెండూ ‘12 శాతమే’నండీ! మొదటి పద్ధతిలో తీసుకున్న అప్పుకి అసలు రేటు కడితే 21 శాతం దాటుతుంది. ఈ ఒక్క లెక్క నలుగురూ కలిసి కాగితం మీద వేసుకుంటే చాలు. ఈసారి ఫ్రిజ్జు వాయిదాల మీద కొనేటప్పుడు ‘వడ్డీ ఏ పద్ధతిలో వేస్తారు?’ అని అడుగుతారు.

వాదన పెరిగితే మంచిదే!

కొన్ని ప్రశ్నలు మరీ తికమక పెడతాయి. ‘బ్యాంకు ఖాతాకు నామినీగా ఉన్నవాళ్లే ఆ డబ్బుకు యజమానులవుతారు. ఔనా, కాదా?’ గ్రూపులో సగంమంది ఔనంటారు. ‘పేరు రాసింది అందుకేగా’ అని వాదిస్తారు. ఖాతాదారు పోయాక బ్యాంకు ఆ డబ్బు నామినీ చేతికే ఇస్తుంది, అంతవరకు నిజం. కానీ అది తీసుకుని వారసులకు అప్పగించే బాధ్యత నామినీది. వీలునామా ఉంటే దాని ప్రకారం, లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం ఎవరికి రావాలో వాళ్లకే హక్కు. కాబట్టి జవాబు ‘కాదు’.

‘మరి జీవిత బీమా?’ అని ఇంకొకరు అడుగుతారు. అక్కడ సంగతి వేరు. 2015లో చట్టం మార్చారు. తన పాలసీకి భార్యనో భర్తనో పిల్లలనో తల్లిదండ్రులనో నామినీగా రాస్తే, ఆ సొమ్ము మీద హక్కు కూడా మామూలుగా వాళ్లదే. చూశారా, ఒకే ‘నామినీ’ మాటకి రెండుచోట్ల రెండు అర్థాలు! ఒక్కరే చదివితే మొదటి జవాబు దగ్గరే ఆగిపోయేవారు. ‘మరి అది?’ అని అడిగే మనిషి పక్కన ఉండబట్టే రెండోది బయటికొచ్చింది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను రాసుకునే వీలు కూడా వచ్చింది.

కలిసి ఆడటం తప్పు కాదా?

ఈ అనుమానం రావడం మంచిదే. నిబంధనల్లో ‘ఒంటరిగా రాయాలి’ అని ఉంటే ఒంటరిగానే రాయాలి. అక్కడ పక్కవాళ్ల జవాబు పెట్టడం పిల్లలు పరీక్షలో కాపీ కొట్టడం లాంటిదే. కానీ చాలా పోటీల్లో కలిసి ఆడటమే పద్ధతి. రిజర్వ్ బ్యాంకు తన 90వ ఏట, 2024లో, డిగ్రీ విద్యార్థులకు దేశమంతటా ఒక క్విజ్ పెట్టింది. మొదటి మెట్టు ఆన్‌లైన్‌లోనే. జట్టుకి ఇద్దరు. జాతీయ స్థాయిలో బహుమతులు 10 లక్షలు, 8 లక్షలు, 6 లక్షలు. అంతెందుకు, ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’లో స్నేహితులకి ఫోను చేసే అవకాశం ఆటలో భాగమే కదా! నిబంధనలు చదివాకే గ్రూపు కూడండి. ఒంటరిగా రాయాల్సిన పోటీ అయితే, అది అయిపోయాక కలిసి తేల్చుకోండి. నేర్చుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

గెలిస్తే ఎలా పంచుకుంటారో కూడా ముందే మాట్లాడుకోండి. స్నేహాలు చెడేది ఇక్కడే. బహుమతి ఎవరి పేరిట వస్తే పన్ను వాళ్ల లెక్కలోనే పడుతుంది. ఇలాంటి గెలుపు మీద పన్ను 30 శాతం, పైన సెస్సు. మిగతా ఆదాయం ఎంత తక్కువున్నా దీనికి మినహాయింపు లేదు. 30,000 రూపాయలు గెలిస్తే 9,000 ముందే కోసుకుని 21,000 చేతికిస్తారు. ముగ్గురు ఆడితే తలా పది వేలు కాదు, ఏడు వేలకు లోపే. ఇది ముందే అనుకుంటే తర్వాత ‘నువ్వు దాచుకున్నావేమో’ అనే మాట రాదు.

బహుమతి వల వేసేవాళ్లున్నారు

బహుమతి ప్రహేళికల వెర్రి మన దేశంలో పాతదే. నిలువు అడ్డం గడులు నింపి, ప్రవేశ రుసుముతో పంపి, బహుమతి కోసం ఎదురుచూసిన తరం ఒకటుంది. ఆ పోటీలు జూదంలా మారుతున్నాయని 1955లో పార్లమెంటు ఏకంగా ఒక చట్టమే చేసింది. నెలకు మొత్తం బహుమతులు 1,000 రూపాయలు దాటకూడదని, ఎంట్రీలు 2,000 మించకూడదని కట్టడి పెట్టింది. 1957లో సుప్రీంకోర్టు, ఈ చట్టం అదృష్టం మీద నడిచే పోటీలకేగానీ తెలివితేటలతో గెలిచేవాటికి కాదని స్పష్టం చేసింది. ‘ఇది తెలివితో గెలిచేదా, అదృష్టమా? ఆడటానికి నా దగ్గర డబ్బు ఎందుకు అడుగుతున్నారు?’ అన్న ప్రశ్నలు ఇప్పటికీ వేసుకోదగ్గవే.

ఇప్పటి మోసాలు ఇంకో రకం. ‘కేబీసీలో మీకు 25 లక్షల లాటరీ తగిలింది’ అని వాట్సాప్‌లో వచ్చిన దొంగ సందేశాలకు మోసపోయినవాళ్లు దేశమంతటా ఉన్నారు. బ్యాంకు పేరుతో, పండగ పేరుతో నాలుగు తేలిక ప్రశ్నలు వేసి, ‘మీరు గెలిచారు, ఈ లింకు ఇరవైమందికి పంపితే బహుమతి’ అనే క్విజ్‌లు మరో రకం. తెలిసినవాళ్లు పంపారు కదా అని మనం నమ్ముతాం. మనం పంపాం కదా అని చెల్లెలు నమ్ముతుంది. కలిసిమెలిసి ఉండే మన అలవాటే వాళ్లకి పెట్టుబడి!

గుర్తులు తేలికే. నగదు బహుమతి మీద పన్ను ఇచ్చేవాళ్లే మినహాయించుకుంటారు. ‘ముందు పన్ను పంపండి, తర్వాత బహుమతి’ అంటే మోసమే. డబ్బు రావడానికి యూపీఐ పిన్ నొక్కక్కర్లేదు. పిన్ నొక్కారంటే డబ్బు మీ ఖాతాలోంచి పోతున్నట్టే. ఓటీపీ, పిన్, కార్డు వెనక అంకెలు... ఇవి నలుగురిలోనే కాదు, సొంత గ్రూపులో కూడా పంచుకోకూడదు. ఒకవేళ డబ్బు పోయిందా? ఇంట్లో తిడతారని దాచకండి. వెంటనే 1930 నంబరుకి ఫోను చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. గ్రూపులో ఒకరు ‘నాకిలా జరిగింది’ అని చెప్పగలిగితే మిగతా నలుగురూ బయటపడతారు. చెప్పినామెను ఎగతాళి చేయనప్పుడే ఇంకొకరు నోరు విప్పుతారు.

అసలు ప్రశ్నపత్రం ఇంట్లోనే ఉంది

రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరిలో జరిపిన ఆర్థిక అక్షరాస్యత వారానికి మహిళల సమృద్ధినే అంశంగా తీసుకుంది. వారోత్సవాలు వస్తాయి, పోతాయి. బహుమతి వచ్చినా రాకపోయినా క్విజ్ కూడా అంతే. కానీ అందులో అడిగే ప్రశ్నలే, ఇంటి పెద్ద ఆస్పత్రిలో ఉన్నరోజునో, కాలం చేసిన పదమూడో రోజునో ఇల్లాలిని ఎవరో ఒకరు అడుగుతారు. ‘బీమా ఉందా అమ్మా? ఏ బ్యాంకులో? నామినీ ఎవరు?’ అని. అప్పుడు నాలుగు జవాబులు ముందుపెట్టి ఎంచుకోమనరు. గడువూ ఇవ్వరు.

అందుకే మీ గ్రూపులో మొదటి నెల ఈ ప్రశ్నలే వేసుకోండి. మా ఇంట్లో ఎన్ని బ్యాంకు ఖాతాలున్నాయి, ఒక్కోదానికి నామినీ ఎవరు? బీమా పాలసీలు ఎక్కడున్నాయి? మా వారు ఎవరి అప్పుకైనా హామీ సంతకం పెట్టారా? ఒకే బ్యాంకులో, ఎన్ని శాఖల్లో దాచుకున్నా సరే, మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకానే డిపాజిట్ బీమా ఉంటుందని (2020 ఫిబ్రవరి నుంచి) చూసుకున్నామా? మామగారి పాత ఖాతా ఏదైనా మరిచిపోయామా? పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళతాయి గానీ, వారసులు అడిగితే తిరిగి వస్తాయి. అలాంటివి వెతకడానికే 2023లో ‘ఉద్గమ్’ అనే పోర్టల్ పెట్టారు.

ఈ జవాబులు గ్రూపులో పెట్టక్కర్లేదు. మీ ఇంటి నోటుపుస్తకంలో రాసుకుని, ‘నాది పూర్తయింది’ అని ఒక్క మాట గ్రూపులో చెబితే చాలు. ‘ఎందుకివన్నీ ఇప్పుడు?’ అని మీవారు అడిగితే, ‘మా క్విజ్‌లో వచ్చింది’ అనండి. అడగడానికి మొహమాటపడే ప్రశ్నకి అంతకంటే మంచి సాకు దొరకదు.

ఈ ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, పైన చెప్పిన లక్ష రూపాయల అప్పు లెక్క మీ గ్రూపులో పెట్టి చూడండి. జవాబు మాత్రం ముందే చెప్పేయకండి!